వీల్ స్టడ్

వీల్ స్టడ్ (చక్రపు స్టడ్డు) అనగా మోటారు వాహనములలో చక్రమును హబ్బునకు బిగించుటకు ఉపయోగించు మరలు గల ఉక్కు కడ్డీ. దీని ఒక చివర తల, మరొక చివర మరలు ఉండును. తలను ఆనుకొని ఉన్న భాగముపై నిలువు గాట్లు ఉండును. వీటిని నర్లింగ్ అందురు. స్టడ్డును హబ్బు వెనుకనుండి రంధ్రములోనికి నొక్కినపుడు ఈ గాట్లు రంధ్రపు గోడను పట్టుకొని స్టడ్డు తిరుగకుండా ఆపును. ముందునుండి చక్రమును తొడిగి నట్టు బిగింతురు. ఫోక్స్‌వాగన్ పోలో వంటి కొన్ని కార్లకు స్టడ్లు ఉండవు. వాటి హబ్బులోనే మరలు ఉండును, చక్రమును బోల్టులతో బిగింతురు.

==హైదరాబాదు నేపథ్యము==
హైదరాబాదునందు కార్లను చేతితో తయారుచేయు అభిరుచి ప్రసిద్ధమైనది. బహదూర్‌పురాలో 2010లో ప్రారంభమైన సుధా కార్ల మ్యూజియములో కె.సుధాకర్ యాదవ్ పాత సామానుతో వింత ఆకారములలో నిర్మించిన కార్లు ప్రదర్శనలో ఉన్నవి. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతములు ఐటీ కేంద్రముగా పెరిగినవి. ఇక్కడి ఉద్యోగులలో పాత మారుతి 800, జిప్సీ వంటి బండ్లను పునర్నిర్మించుకొనువారు కూడ కలరు.

ఇట్టి బండి హిటెక్ సిటీ వీధులలో నెమ్మదిగా నడచినను, గచ్చిబౌలి వద్ద అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కగానే పరిస్థితి మారును. ఆ రహదారిపై గరిష్ఠ వేగ పరిమితి 2023లో గంటకు 120 కిలోమీటర్లకు పెంచబడినది. చుట్టుకొలత సుమారు 1.95 మీటర్లు గల చక్రము ఆ వేగమున సెకనుకు 17 సార్లు తిరుగును. ఆ చక్రమును పట్టి ఉంచునవి నాలుగైదు స్టడ్లు మాత్రమే.

==పనిచేయు విధానము==
బండి బరువును స్టడ్లే నేరుగా మోయునని పలువురు భావింతురు. ఇది సరికాదు. నట్టు బిగించినపుడు స్టడ్డు అతి స్వల్పముగా సాగి, తిరిగి కుదించుకొనుటకు ప్రయత్నించును. ఆ లాగుడు వలన చక్రము హబ్బుకు గట్టిగా అదుముకొనును. రెండింటి నడుమ ఏర్పడు ఘర్షణయే చక్రమును కదలకుండా ఉంచును. 12 మి.మీ. స్టడ్డుపై నట్టును 100 న్యూటన్ మీటర్ల టార్కుతో బిగించినచో సుమారు 42,000 న్యూటన్ల లాగుడు కలుగును. ఇది నాలుగు టన్నులకు పైబడిన బరువుతో సమానము. బిగువు తగ్గినచో ఘర్షణ తగ్గి చక్రము హబ్బుపై జరుగుట మొదలుపెట్టును. అప్పుడు స్టడ్డు ప్రతి చుట్టులోను అటునిటు వంగి, అలసి, కొంతకాలమునకు విరుగును.

==చూడవలసిన కొలతలు==
దుకాణములో సాధారణముగా "ఏ కారు?" అని మాత్రమే అడుగుదురు. ఒక కారు హబ్బు, మరొక కారు డిస్కు, వేరొక చక్రము కలిపి కట్టిన బండికి ఈ ప్రశ్నకు జవాబు ఉండదు. కావున స్టడ్డును కారు పేరుతో కాక కొలతలతో అడుగవలెను.

* '''మర:''' మారుతి 800, స్విఫ్ట్, జిప్సీ వంటి సుజుకి కుటుంబపు కార్లలో ఎమ్ 12 × 1.25 మర ఉండును. హ్యుందాయ్, హోండా, టయోటా కార్లలో ఎమ్ 12 × 1.5 సాధారణము. మొదటి సంఖ్య వ్యాసము, రెండవది పిచ్, అనగా రెండు మరల నడుమ దూరము, మి.మీ.లలో. పిచ్ గేజ్ లేనిచో 15 మి.మీ. పొడవులో ఎన్ని మరలు ఉన్నవో లెక్కింపవలెను. 10 ఉన్నచో 1.5 పిచ్, 12 ఉన్నచో 1.25 పిచ్. ఒకదాని నట్టు మరొకదానిపై ఒకటి రెండు చుట్లు తిరిగి బిగుసుకొనును. దానిని బలవంతముగా తిప్పినచో రెండింటి మరలు చెడును.

* '''నర్లింగ్ వ్యాసము:''' ఎక్కువగా పొరబడునది ఇక్కడనే. ఒకే మర గల స్టడ్లలో నర్లింగ్ 12.3 మి.మీ. నుండి 14.3 మి.మీ. వరకు వేర్వేరుగా ఉండవచ్చును. ఇది హబ్బు రంధ్రముకంటె మిల్లీమీటరులో కొన్ని పదవ వంతులు మాత్రమే పెద్దదిగా ఉండవలెను. చిన్నదైనచో నట్టుతో పాటు స్టడ్డు కూడ తిరుగును, బిగువు రాదు. మరీ పెద్దదైనచో హబ్బు పగులవచ్చును. పాత స్టడ్డు గాట్లు అరిగి ఉండును గనుక దానితో పాటు హబ్బు రంధ్రమును కూడ వెర్నియర్ కాలిపర్స్‌తో కొలవవలెను. పాఠశాల ప్రయోగశాలలోని వెర్నియర్ కనీసపు కొలత 0.1 మి.మీ. ఈ పనికి 0.02 మి.మీ. కనీసపు కొలత గలది మేలు.

* '''పొడవు:''' హబ్బు ముఖమునుండి బయటకు ఉండవలసిన పొడవును కూడికతో కనుగొనవచ్చును. డిస్కు మందము 6, స్పేసరు 15, నట్టు కూర్చుండు చోటు వరకు చక్రపు మందము 12 మి.మీ. అనుకొనిన మొత్తము 33. నట్టులో కనీసము స్టడ్డు వ్యాసమంత మర పట్టవలెను గనుక మరొక 12 కలుపగా 45 మి.మీ. వచ్చును. అవసరముకంటె పొడవైన స్టడ్డుకు మూసిన నట్టు వాడినచో, స్టడ్డు కొన నట్టు లోపలి పైభాగమును తాకి, చక్రము బిగియకముందే నట్టు ఆగిపోవును. చేతికి మాత్రము బిగిసినట్లే తోచును.

* '''తల:''' తల హబ్బు వెనుక పూర్తిగా ఆనవలెను. అక్కడి బ్రేకు భాగములకు తగులరాదు.

* '''బలము:''' 10.9 తరగతి స్టడ్డు వాడుట మంచిది. ఈ గుర్తులో 10 అనగా కనీస తన్యత బలము సుమారు 1000 మెగాపాస్కల్స్ అనియు, .9 అనగా అందులో 90 శాతము వరకు శాశ్వతముగా సాగదనియు అర్థము.

==నట్టు ఆసనము==
స్టడ్డు సరియైనను నట్టు ఆసనము కుదరవలెను. 60 డిగ్రీల శంకువు, గోళాకారము, చదును అను మూడు రకములు వాడుకలో ఉన్నవి. హోండా కంపెనీ చక్రములకు గోళాకారపు ఆసనము ఉండును. వాటికి శంకువు నట్టు వాడినచో సన్నని అంచు మాత్రమే ఆని, కొద్ది దినములలో వదులగును.

==సేకరణ, అమరిక==
నట్లు, బోల్టులకు రాణిగంజ్, మోటారు విడిభాగములకు పుత్లీబౌలి హైదరాబాదులో పేరుపొందిన బజారులు. విప్పిన స్టడ్డును, హబ్బును, వాడబోవు నట్టును వెంట తీసుకొనిపోవుట ఉత్తమము. తగిన స్టడ్డు దొరకనిచో బాలానగర్ ప్రాంతపు లేత్ షాపులలో కొత్తది చేయించవచ్చునని కొందరు తలచెదరు. కాని కర్మాగారములో మరలను కోయరు, ఒత్తి తయారుచేయుదురు. ఒత్తిన మర అలసటను ఎక్కువ తట్టుకొనును. లేత్‌పై సాధారణ ఉక్కుతో కోసిన స్టడ్డుకు ఆ బలము గాని, ఉష్ణోపచారము గాని ఉండదు. కొలత కుదిరినంత మాత్రమున అది చక్రమునకు పనికిరాదు. దానికంటె హబ్బునే మార్చుట క్షేమము.

స్టడ్డును సుత్తితో కొట్టక హైడ్రాలిక్ ప్రెస్సుతో నొక్కించవలెను. మరలకు నూనె రాయరాదు. రాసినచో అదే టార్కుకు లాగుడు సుమారు మూడవ వంతు పెరిగి స్టడ్డు సాగిపోవచ్చును. నట్లను ఎదురెదురుగా, టార్క్ రెంచితో, వాహన తయారీదారు చెప్పిన టార్కుకు బిగింపవలెను. 50 నుండి 100 కిలోమీటర్లు నడచిన తరువాత మరల తనిఖీ చేయవలెను. ఒక స్టడ్డు విరిగినచో మిగిలినవి కూడ అదనపు భారమును మోసి ఉండును గనుక ఆ చక్రపు స్టడ్లన్నింటిని మార్చుట మంచిది.

==చట్టము==
మోటారు వాహనముల చట్టము, 1988లోని 52వ సెక్షను ప్రకారము తయారీదారు మొదట నిర్దేశించిన వివరములకు భిన్నముగా వాహనమును మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమమును ధ్రువీకరించినది. కావున మార్పులు తలపెట్టువారు ముందుగా రవాణా శాఖ కార్యాలయములో విచారించుకొనవలెను.

==ఇవి కూడా చూడండి==
* మర
* ఘర్షణ
* వెర్నియర్ కాలిపర్స్
* సుధా కార్ల మ్యూజియం