ఏదీ... నాలుక చూపించండి!

'దాని నాలుక మీద మచ్చ ఉందే, అన్నదంటే జరిగి తీరుతుంది' అంటుంటారు. వాన పడినా, పెళ్లి తప్పిపోయినా నేరం ఆ మచ్చదే. నిజానికి అది చర్మానికి రంగునిచ్చే మెలనిన్ చేసే పని. చామనఛాయ వాళ్ల నాలుక మీద నల్లటి చుక్కలుండటం మామూలే. అందులో జోస్యమూ లేదు, జబ్బూ లేదు. కొత్తగా పుట్టి పెరుగుతుంటే మాత్రం చూపించుకోవాలి.

నాలుక నిండా నూగులాంటి సన్నటి బుడిపెలుంటాయి. వాటి మీది పాతకణాలు తిండి రాపిడికి, లాలాజలానికి ఎప్పటికప్పుడు రాలిపోతుంటాయి. జ్వరమొచ్చి రెండ్రోజులు జావతో గడిపామనుకోండి, రాపిడి ఉండదు, నోరూ ఎండిపోతుంది. దాంతో తెల్లటి పాచి పేరుకుంటుంది. వేపపుల్లతో పళ్లు తోముకుని, దాన్నే నిలువునా చీల్చి నాలుక గీసుకునే తాతయ్యలకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. పొగతాగేవాళ్లలో, కొన్ని యాంటీబయాటిక్స్ వాడినవాళ్లలో ఆ బుడిపెలే సెంటీమీటరు దాకా పెరిగి, నల్లబడి, నాలుక మీద వెంట్రుకలు మొలిచాయా అన్నట్టుంటాయి. చూసినవాళ్లు హడలిపోతారు గానీ ప్రమాదం లేదు. కొందరి నాలుక మీద దేశపటంలాంటి ఎర్రటి మచ్చలు వస్తాయి. ఈ వారం ఒకచోట ఉంటే వచ్చేవారం మరోచోట! వాటితోనూ భయంలేదు.

ఆ బుడిపెలు అరిగిపోయి నాలుక ఎర్రగా, నున్నగా మారిందంటే మాత్రం ఒంట్లో ఏదో లోటుందని అర్థం. దీని వెనక తెలుగునేలకు సంబంధించిన కథ ఒకటుంది. నాలుక పుండులా మండటం, ఎండ తగిలిన చోట చర్మం నల్లబడి పొట్టు లేవడం, విరేచనాలు, చివరికి మతి చలించడం... ఈ జబ్బు పేరు పెల్లాగ్రా. అమెరికాలో మొక్కజొన్నే ఆధారంగా బతికిన పేదల్ని పీడించింది. కుక్కలకొచ్చే 'నల్లనాలుక' జబ్బు నికోటినిక్ ఆమ్లంతో నయమవుతుందని 1937లో అక్కడి శాస్త్రవేత్త ఎల్వెహ్‌యెమ్ తేల్చాక మందు దొరికింది. అదే జబ్బు దక్కన్ పీఠభూమిలో జొన్న తినేవారిలోనూ కనిపించింది. హైదరాబాద్‌లోని పోషకాహార పరిశోధనశాలకు చెందిన గోపాలన్, శ్రీకంఠియా జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లమే ఇందుకు కారణం కావచ్చని 1960లో ప్రకటించారు. ఆ వాదన మీద తర్వాత చాలా చర్చ జరిగింది. అన్నట్టు, ఇప్పుడు షుగరుకు మంచిదని రాత్రిపూట రెండు జొన్నరొట్టెలు తినేవాళ్లు కంగారు పడక్కర్లేదు. పప్పూ, పాలూ, కూరా కరవై, జొన్నే సర్వస్వమైన ఇళ్ల కథ అది.

నున్నటి నాలుకకు ఇప్పుడు ఎక్కువగా కనిపించే కారణాలు బి12, ఐరన్, ఫోలిక్ ఆమ్లాల లోపం. మాంసం, గుడ్డు ముట్టనివారు పాలూ పెరుగూ కూడా మానేస్తే బి12 అందదు. షుగరుకు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వేసుకునేవారిలోనూ అది తగ్గొచ్చు. కారం తింటే చాలు నాలుక భగ్గుమంటోందని మిరపకాయను తిట్టుకునే బదులు ఒక రక్తపరీక్ష చేయించుకోవడం నయం.

ఇక గుట్కా, ఖైనీ, వక్కపొడి సంగతి వేరు. తెల్లటి పొర గీస్తే ఊడొస్తే అది పాచి కావచ్చు, పసిపిల్లల్లో, షుగరున్నవారిలో వచ్చే ఫంగస్ కావచ్చు. గీసినా రాని తెల్లమచ్చను, ఎర్రమచ్చను మాత్రం వదలకూడదు. నాలుక అంచున లేచి, రెండువారాలు దాటినా మానని పుండు క్యాన్సర్ కావచ్చు. మొదట్లో చాలామందికి నొప్పే ఉండదు. 'పన్ను గీసుకుందేమోలే' అనుకుంటూ పూతమందు రాసి నెలలు గడిపేస్తారు. చిన్న ముక్క తీసి పరీక్షిస్తే సంగతి తేలిపోతుంది. తొలిదశలోనే పట్టుకుంటే నయమయ్యే అవకాశాలు చాలా ఎక్కువ.

ఇంట్లో చూసుకోవాలంటే పగటి వెలుతురులో, అద్దం ముందు, కాఫీ తాగకముందే చూసుకోవాలి. నాలుక పైభాగమే కాదు, పక్కకు తిప్పి అంచులు, పైకెత్తి అడుగూ చూడాలి. ఆయాసపడుతున్న మనిషి నాలుక, పెదాలు నీలంగా మారితే ఇక అద్దంతో పనిలేదు, రక్తంలో ఆక్సిజన్ తగ్గినట్టే... వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. హాయిగా ఆడుకుంటున్న పిల్లాడి నాలుక నీలంగా ఉందా? జేబులో నేరేడుపళ్లున్నాయేమో చూడండి.