మర్దన వృత్తికి తగినవారెవరు?

మర్దనను వృత్తిగా ఎంచుకోవాలనుకునేవారు సాధారణంగా జబ్బల్లో సత్తువ ఉందా అని చూసుకుంటారు. ముందు చూసుకోవలసింది బొటనవేలి మొదలు. బొటనవేలి కొనను చూపుడువేలికి ఆనించి ఒక కిలో బలంతో అదిమితే, మణికట్టు దగ్గరి బొటనవేలి కీలు మీద దాదాపు 12 కిలోల ఒత్తిడి పడుతుందని కూనీ, చావ్ అనే పరిశోధకులు 1977లో లెక్కగట్టారు. రోజుకు నలుగురైదుగురికి మర్దన చేసే చేతిలో ఆ కీలు ఎంత నలుగుతుందో ఊహించవచ్చు. ఈ పనిలో ఉన్నవారిని బొటనవేలు, మణికట్టు, నడుము నొప్పులు తరచుగా వేధిస్తుంటాయి.

మంచి శిక్షణలో వేళ్ళకంటే ముందు కాళ్ళకు పని చెబుతారు. బల్లను తన ఎత్తుకు సరిపెట్టుకోవడం, ఒక కాలు ముందుకు వేసి నిలబడడం, నడుము వంచకుండా ఒంటి బరువును ముంజేతి మీదుగా దించడం మొదటి పాఠాలు. ఈ కిటుకు పట్టుబడితే బక్కపలచటి మనిషి కూడా ఏళ్ళ తరబడి పనిచేయగలడు. కండబలాన్నే నమ్ముకున్న వస్తాదు అంతకన్నా ముందే చతికిలపడవచ్చు. ఇప్పటికే చేతుల్లో తిమ్మిర్లో కీళ్ళవాతమో ఉన్నవారు డాక్టరును అడగకుండా ఇటు రాకపోవడమే మేలు.

చేతి సంగతి అలా ఉంచితే, ఈ పనికి చదువూ కావాలి. మర్దన ఏం చేయగలదో, ఏం చేయలేదో తెలిసి ఉండాలి. చంటిపిల్లలకు నూనె రాసి ఒళ్ళు పట్టే అలవాటు తెలుగు ఇళ్ళలో ఉన్నదే. నెలలు నిండకుండా పుట్టిన శిశువులకు రోజుకు మూడుసార్లు, 15 నిమిషాల చొప్పున పదిరోజులు ఒళ్ళు నిమిరి, కాళ్ళూ చేతులూ ఆడిస్తే, చేయనివారికంటే రోజువారీ బరువు పెరుగుదల 47 శాతం ఎక్కువగా ఉందని టిఫనీ ఫీల్డ్ అనే పరిశోధకురాలి బృందం 1986లో ప్రచురించింది. వెంట్రుకలున్న చర్మంలో, సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో సాగే నెమ్మదైన స్పర్శకు బాగా స్పందించే సన్నని నాడీతంతువులున్నాయి. మర్దన కలిగించే హాయికి ఇదొక కారణం కావచ్చు. మరోవైపు, ఒంట్లోని విషాలను పిండేస్తుందన్న ప్రచారానికి ఆధారం లేదు. వ్యాయామంతో పేరుకున్న లాక్టిక్ ఆమ్లం కూడా ఎవరూ పిసకకుండానే గంటా గంటన్నరలో తగ్గిపోతుంది. ఇలాంటి మాటలు చెప్పి గిరాకీ పెంచుకోవాలనుకునేవారు వేరే వ్యాపారం చూసుకోవడం మంచిది.

అన్నిటికంటే కష్టమైన విద్య, ఎప్పుడు చేయి వేయకూడదో తెలుసుకోవడం. ఒక్క కాలి పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. పిసికితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరి ప్రాణం తీయగలదు. జ్వరం, అంటు చర్మవ్యాధి, కొత్తగా విరిగిన ఎముక ఉన్నప్పుడు మర్దన పనికిరాదు. ఎముకలు గుల్లబారిన వృద్ధులు, రక్తం పలచబడే మందులు వాడేవారు, గర్భిణుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. వచ్చిన మనిషిని నాలుగు ప్రశ్నలడిగి, అవసరమైతే పని వదులుకుని డాక్టరు దగ్గరికి పంపే ఓపిక లేనివారికి ఈ వృత్తి సరిపడదు.

జపాన్‌లో ఈ పనికి మూడేళ్ళ చదువు, జాతీయ పరీక్ష ఉన్నాయి. అక్కడ అంధులు తరతరాలుగా దీనితో జీవిస్తున్నారు. అమెరికాలో చాలా రాష్ట్రాలు 500 గంటలు, అంతకు మించి శిక్షణ కోరతాయి. మన దేశంలో కేవలం మర్దన కోసం అలాంటి జాతీయ లైసెన్సు లేదు. కొన్ని వారాల స్పా కోర్సు మొదలుకొని ఆయుర్వేద ఆసుపత్రుల్లో వైద్యుల పర్యవేక్షణలో జరిగే పంచకర్మ శిక్షణ దాకా అన్నీ ఉన్నాయి. అందువల్ల శరీర నిర్మాణం చెబుతున్నారా, అనుభవజ్ఞుల ఎదుట చేయిస్తున్నారా అని విచారించుకునే బాధ్యత నేర్చుకునేవారిదే.

స్వభావం సంగతీ ఉంది. పరాయి మనిషి చెమట, చర్మం, మౌనం ఇబ్బంది పెట్టకూడదు. హద్దు మీరే గిరాకీని నిక్కచ్చిగా బయటికి పంపగలగాలి. ఫీజు కట్టేముందు తెలిసినవారి పర్యవేక్షణలో ఒక పూట వరుసగా ముగ్గురికి మర్దన చేసి, మర్నాడు పొద్దున బొటనవేలు ఎలా ఉందో చూసుకుంటే మొదటి ప్రశ్నకు చాలావరకు జవాబు దొరుకుతుంది.