ఘాటు ఎక్కని కారు

మార్కాపురంలో మా మామయ్య అద్దెకు కారు నడుపుతాడు. అది 2009 నాటి పెట్రోలు కారు. పోయిన శివరాత్రికి భక్తుల్ని ఎక్కించుకుని శ్రీశైలం బయలుదేరాడు. దోర్నాల దాకా బాగానే వెళ్ళింది. ఘాటు మొదలవగానే మొరాయించింది. ఎంత తొక్కినా లాగదు. వెనకనుంచి కుళ్ళిన కోడిగుడ్డు వాసన. బండి కింద, డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టు చప్పుడు.

మర్నాడు షెడ్డుకు తీసుకెళ్ళాడు.

"కన్వర్టరు పోయినట్టుందన్నా. కొత్తది వెయ్యాలి" అన్నాడు మేస్త్రి. ధర విని మామయ్యకు నోట మాట రాలేదు.

పక్కనే ఉన్న ఇంకో డ్రైవరు, "అది పీకేసి ఉత్త పైపు వెల్డింగు చేయించన్నా. తక్కువలో పోతుంది" అన్నాడు.

ఎవరి మాట వినాలి? ముందు ఈ కన్వర్టరు ఏమిటో చూద్దాం.

కారు కింద, ఇంజనుకూ సైలెన్సరుకూ మధ్య ఒక ఇనుప డబ్బా ఉంటుంది. అదే కెటలిటిక్ కన్వర్టరు. లోపల పింగాణీ ముక్క ఉంటుంది. దానికి తేనెపట్టులా వందల సన్నని రంధ్రాలు. ఆ రంధ్రాల గోడలకు ప్లాటినం, పెల్లేడియం, రోడియం అనే ఖరీదైన లోహాల పూత ఉంటుంది. ధర ఎక్కువ ఎందుకో ఇప్పుడు తెలిసిందా?

ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మూసిన గదిలో ఇంజను నడిస్తే మనిషి ప్రాణమే తీస్తుంది. పొగ ఈ రంధ్రాల్లోంచి పోయేటప్పుడు ఆ విషం చాలావరకు విరిగిపోతుంది. అయితే డబ్బా దాదాపు 300 డిగ్రీలు వేడెక్కితేనే ఆ పని జరుగుతుంది. (అందుకే ఎండుగడ్డి మీద, రోడ్డు మీద పరిచిన చొప్ప మీద కారు ఆపకండి. నిప్పు అంటుకుంటుంది.)

మన దేశంలో 1995లో ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు దీన్ని తప్పనిసరి చేశారు. అప్పట్లో పెట్రోలులో సీసం కలిపేవారు. సీసం తగిలితే కన్వర్టరు పాడవుతుంది. అందుకని ఆ కార్లకు సీసం లేని పెట్రోలు వేరుగా అమ్మేవారు. 2000లో సీసం పెట్రోలు దేశమంతటా ఆగిపోయింది.

మరి మామయ్య కారుకు ఏమైంది? అసలు సంగతి ఇక్కడే ఉంది. కన్వర్టరు ఊరికే పోదు. దాన్ని ఏదో ఒకటి చంపుతుంది. ప్లగ్గు సరిగా మండకపోతే పచ్చి పెట్రోలు కన్వర్టరులోకి పోయి అక్కడ మండుతుంది. పింగాణీ కరిగి రంధ్రాలు మూసుకుపోతాయి. పొగకు దారి ఉండదు. ముక్కూ నోరూ మూసిన మనిషి కొండ ఎక్కగలడా? ఇంజను పరిస్థితీ అంతే. ఇంజను ఆయిలు తాగుతున్నా (నీలం పొగ వస్తుంది) కన్వర్టరు చెడుతుంది. జబ్బు ఉంచుకుని కొత్తది వేస్తే అదీ పోతుంది. డబ్బు రెండుసార్లు దండగ.

మామయ్య మేస్త్రిని అదే అడిగాడు: "పోయిందని ఎలా చెప్తున్నావు? ఎందుకు పోయింది?"

మేస్త్రి మంచివాడు. విసుక్కోలేదు. బండి చల్లారాక చెక్కతో డబ్బాను మెల్లగా తట్టాడు. లోపల ముక్కలు గలగలమన్నాయి. తర్వాత డబ్బాకు ముందున్న ఆక్సిజన్ సెన్సరు విప్పి, ఆ కంతలో ప్రెషరు గేజి బిగించాడు. ఇంజను నిమిషానికి 2500 చుట్లు తిరిగేటప్పుడు ముల్లు 3 పౌండ్లు దాటకూడదు. టైరులో గాలి కొలిచే లెక్కే ఇది. ఇక్కడ 6 దాకా పోయింది. దారి మూసుకుపోయిందని తేలింది. ప్లగ్గులు తీసి చూస్తే ఒకటి నల్లగా, తడిగా ఉంది. దాని కాయిలు చచ్చిపోయింది.

ముందు కాయిలూ ప్లగ్గులూ మార్చారు. ఆ తర్వాతే కన్వర్టరు. జాకీ ఒక్కటే నమ్మి బండి కిందకు దూరకూడదు, స్టాండ్లు పెట్టాలి. తుప్పు పట్టిన బోల్టులకు నూనె పోసి నానబెట్టాలి. కొత్త డబ్బా మీద బాణం గుర్తు ఉంటుంది. అది సైలెన్సరు వైపు చూడాలి. పాత గాస్కెట్లు మళ్ళీ వాడకూడదు. అక్కడ సందు ఉంటే విషవాయువు బండిలోకే రావచ్చు.

ఉత్త పైపు సంగతా? దానితో పొగ పరీక్షలో నెగ్గడం కష్టం. 2019లో మార్చిన మోటారు చట్టం ప్రకారం పొగ హద్దు దాటితే 10,000 రూపాయల దాకా జరిమానా పడొచ్చు. పైగా ఆ పొగ పీల్చేది మన వీధి పిల్లలే.

బిల్లు కట్టేటప్పుడు మామయ్య ఒక మాట అడిగాడు. "పాత డబ్బా ఏదీ?" మేస్త్రి నవ్వి మూలనుంచి తీసిచ్చాడు. అందులో లోహాల పూత ఇంకా ఉంటుంది. దానికి వెల ఉంది. చివరికి దాన్ని మేస్త్రికే ఇచ్చి, ఆ వెల బిల్లులో తగ్గించుకున్నాడు.