వెనుక లావు షాకప్సర్లు: బరువు మోసేవి అవి కావు

గోదావరిఖని: బొగ్గు గనుల్లో తిరిగే పికప్ బండికి, వూరి రోడ్ల మీద తిరిగే బండికి వున్నంత ఆయుష్షు వుండదు. ఓపెన్ కాస్టు గని లోపల రోడ్డంటే తారు రోడ్డు కాదు. అరవై టన్నులు, వంద టన్నులు మోసే డంపర్లు దొర్లే మట్టి రోడ్డు అది. దుమ్ము లేవకుండా ట్యాంకర్లు నీళ్లు చల్లితే జారుడు, ఎండితే సిమెంటు రేకు పరచినట్లు అడ్డంగా గట్లు. డంపరు డ్రైవరు కంటికి ఆనడం కోసం పొడవాటి కర్రకు జెండా కట్టుకుని ఆ గట్ల మీద దిగుతూ ఎక్కుతూ వుండే చిన్న బండ్లకు ముందుగా పాడయ్యేవి వెనుక షాక్ అబ్జార్బర్లు. మన మెకానిక్కుల నోట అవి షాకప్సర్లు.

వాటి నూనె కారిపోయిన తర్వాత బండి గుంతలో పడిన ప్రతిసారీ రెండు మూడు సార్లు ఎగురుతుంది. డ్రైవరు నడుము పోతుంది, కమాను పట్టా విరుగుతుంది, టైరు అక్కడక్కడ గుల్లలు పడినట్లు అరుగుతుంది. అప్పుడు బండి యజమానికి వచ్చే ఆలోచన ఒకటే. పాత సైజు ఎందుకు, ఇంకా లావైనవి, పొడవైనవి వేయిస్తే పోదా అని. ఫోర్ వీల్ బొలెరో క్యాంపరు వున్నవారికీ, సుల్తానాబాద్ రైసు మిల్లులకు వడ్లు తోలే మామూలు పికప్ వున్నవారికీ ఈ ఆలోచన వస్తున్నది. ఆలోచన తప్పు కాదు. దాని వెంట వచ్చే నమ్మకమే తప్పు. లావు షాకప్సర్లు వేస్తే ఇంకో పది బస్తాలు ఎక్కువ వేయవచ్చునని చాలామంది అనుకుంటున్నారు.

ఉయ్యాలలో బిడ్డ బరువు మోసేది తాడు. ఊపు ఆపేది తల్లి చెయ్యి. బండిలో తాడు కమాను కట్ట, చెయ్యి షాకప్సరు. చెయ్యి ఎంత లావైనా తాడు తెగకుండా ఆపలేదు. గొట్టం లోపల నూనెలో ఒక పిస్టను పైకీ కిందికీ ఆడుతుంది. సన్నని రంధ్రాల గుండా, కవాటాల గుండా నూనె కష్టపడి పారడం వల్ల బండి ఎగురుడు అణుగుతుంది. ఆ ఎగురుడులోని శక్తి ఎక్కడికీ పోదు, వేడిగా మారుతుంది. గట్ల రోడ్డు మీద ఆగకుండా నడిపితే నూనె కాగి, నురుగు కట్టి, పల్చబడి, షాకప్సరు వున్నా లేనట్లే అవుతుంది.

లావు గొట్టం చేసే మేలు ఇక్కడే వుంది. నూనె ఎక్కువ పడుతుంది, పిస్టను వెడల్పు పెరుగుతుంది, గాలి తగిలే పైభాగం పెరుగుతుంది, అందుచేత త్వరగా కాగదు. మెక్సికో ఎడారిలో 1967 నుంచి జరుగుతున్న బాహా పరుగుపందెంలో బండ్లకు లావు షాకప్సర్లు, పక్కనే విడిగా నూనె డబ్బాలు బిగించేది కూడా ఈ వేడికి జడిసే. మన పికప్‌కు అంత ఆర్భాటం అక్కరలేదు.

పొడవు తప్పితే తలనొప్పి

లావు సంగతి సరే, పొడవు దగ్గరే డబ్బు నీళ్లపాలవుతున్నది. షాకప్సరు మూసుకున్నప్పుడు ఎంత, సాగినప్పుడు ఎంత అనే రెండు కొలతలూ కావాలి. పొడవు ఎక్కువైతే ఇరుసు బంపు రబ్బరును తాకకముందే షాకప్సరు లోపలికి పూర్తిగా కూరుకుపోతుంది. అప్పుడు దెబ్బ అంతా దాని కడ్డీ మీద, చాసీకి వున్న బ్రాకెట్ మీద పడుతుంది. పొట్టిదైతే చక్రం గుంతలోకి జారినప్పుడు సాగే చోటు లేక బుష్షు తెగుతుంది.

కొలవడం కష్టమేమీ కాదు. ఖాళీ బండిని సమమైన నేల మీద నిలిపి పై బోల్టు నుంచి కింది బోల్టు దాకా టేపు పట్టాలి. అందులోంచి ఇరుసుకూ బంపు రబ్బరుకూ మధ్య వున్న ఖాళీ తీసివేయాలి. రబ్బరు నలుగుతుంది కనుక ఇంకో అంగుళం తీసివేయాలి. కొత్త షాకప్సరు మూసుకున్న పొడవు దానికి తక్కువ వుండాలి. తర్వాత చాసీ కింద ఇనుప స్టాండ్లు పెట్టి, ఇరుసును వేలాడనిచ్చి మళ్లీ కొలవాలి. సాగిన పొడవు దానికన్నా కొంచెం ఎక్కువ వుండాలి. ఉదాహరణకు ఈ రెండు లెక్కలూ 13, 20 అంగుళాలు వస్తే మూసినప్పుడు పన్నెండున్నర, సాగినప్పుడు ఇరవైన్నర వుండేది సరిపోతుంది. వెనుక ఎత్తు పెంచని బండికి పొడవు షాకప్సరు దండగే.

లావు గొట్టం టైరుకు గానీ, కమానుకు గానీ, బ్రేకు పైపుకు గానీ రాసుకోకూడదు. ఒక పక్క చక్రం కింద జాకీ పెట్టి ఎత్తి, రెండో పక్క దింపి చూస్తేనే ఈ రాపిడి బయటపడుతుంది. నిలబడిన బండిని చూసి బాగుందనుకుంటే చాలదు.

బ్రేకు మాట మరువరాదు

షాకప్సర్లతో పాటు ఒక పట్టా కలిపి, ఇరుసు మీద దిమ్మె పెట్టి వెనుక ఎత్తు పెంచే అలవాటు వున్నది. చాలా పికప్‌లలో వెనుక ఇరుసు నుంచి చాసీ మీది కవాటానికి ఒక సన్న కడ్డీ వుంటుంది. బరువు పడి బండి దిగితే ఆ కడ్డీ కదిలి వెనుక చక్రాలకు బ్రేకు ఎక్కువ పంపుతుంది. ఎత్తు పెంచి కడ్డీని సరిచేయకపోతే నిండు బండిని కూడా అది ఖాళీ బండి అనుకుంటుంది. నిండు బరువుతో, క్యాబినులో కార్మికులు కూర్చుని వుండగా గని వాలులో దిగే బండికి వెనుక బ్రేకు చాలకపోతే ఏమవుతుందో డ్రైవర్లకు చెప్పనక్కరలేదు. దీనికి విరుద్ధమైన చిక్కు కూడా వుంది. మరీ గట్టి షాకప్సర్లు వేసి ఖాళీగా తిరిగితే వెనుక చక్రాలు గట్ల మీద గంతులు వేసి నేలను పట్టవు. పికప్ సగం దూరం ఖాళీగానే తిరుగుతుంది గదా.

బిగించేటప్పుడు ఎప్పుడూ జతగానే మార్చాలి. కొత్తవాటిని నిలబెట్టి నాలుగైదు సార్లు నిండా లాగి నొక్కితే లోపలి గాలి సర్దుకుంటుంది. మెరిసే కడ్డీని పట్టకారుతో పట్టుకుంటే గీత పడి నూనె సీలు చిరుగుతుంది. బోల్టులకు ఆఖరు పానా బండి చక్రాల మీద నిలిచిన తర్వాతే తిప్పాలి. వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు బుష్షు మెలితిరిగిపోతుంది. గ్యాసు నింపిన షాకప్సరును కాల్చడం, కోయడం ప్రాణం మీదికి తెస్తుంది.

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ నిర్దేశించిన, ఆర్.సి.లో వున్న వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే చెప్పింది. అదే కొలతలో కాస్త గట్టి షాకప్సరు వేయడం వేరు, ఎత్తు పెంచడం, చాసీకి బ్రాకెట్లు అతకడం వేరు. రెండో రకం పనికి ముందు ఆర్.టి.ఓ. ఆఫీసులోనూ, ఇన్సూరెన్సు వారి దగ్గరా అడగడం మంచిది. ఎన్ని పట్టాలు కలిపినా ఆర్.సి.లో రాసిన బరువు మాత్రం పెరగదు.

కొత్తవి వేసిన తర్వాత రెండు మూడు రోజులు తిప్పి బోల్టులు మళ్లీ బిగించాలి. షిఫ్టు ముగిసి బండి ఆపినప్పుడు రెండు షాకప్సర్ల మీద చెయ్యి పెట్టి చూడవచ్చు, చురుక్కుమనవచ్చు కనుక మెల్లగా. రెండూ ఒకేలా వేడిగా వుంటే పని చేస్తున్నట్లు. ఒకటి చల్లగా వుంటే అది రోజంతా వూరికే వేలాడిందన్నమాట.