పోపు వేయక ముందే కుక్క వాటా తీసేయండి

పొందూరు: మొక్కజొన్న కండె పాలు పోసుకునే వేళ పంది చేలోకి దిగకుండా రాత్రంతా మేలుకొని ఉండేది ఎవరు? కళ్లంలో ధాన్యం కుప్ప దగ్గర, పశువుల శాల దగ్గర, కోళ్ల గూడు దగ్గర కాపలా ఎవరిది? కుక్కది. జీతం, బత్తెం అడగని ఈ కాపలాదారుకి మనం పెట్టేదల్లా మిగిలిన అన్నం, దాని మీద మిగిలిన కూర.

ఆ కూర చాలా రోజులు ఆకుకూరే అయి ఉంటుంది. పొందూరు మండలంలో గానీ, పక్కనున్న ఆమదాలవలస, జి.సిగడాం మండలాల్లో గానీ సన్నకారు రైతు ఇంట ఆకుకూరకు కొదవ ఉండదు. దొడ్లో తోటకూర, కంచె మీద బచ్చలి, మడి గట్టున పొన్నగంటి, పెరట్లో మునగ. కాసు ఖర్చు లేని కూరలివి. పులుసు మిగిలినా, పప్పు మిగిలినా, వేపుడు అడుగంటినా చివరకు చేరేది కుక్క చిప్పలోకే.

ఇది కుక్కకు మంచిదేనా? రైతు సోదరులు, ఆడపడుచులు తెలుసుకోవలసిన సంగతి ఒక్కటే. ఆకుతో పేచీ తక్కువ, పోపుతో, పులుపుతో పేచీ ఎక్కువ. ఆకు పెట్టొచ్చు. కూర పెట్టకూడదు.

కుక్క ఆకు తింటుందా?

తింటుంది. గట్టు మీద గరిక కొరికే కుక్కను మీరు చూసే ఉంటారు. కడుపు నొప్పి వస్తేనే గడ్డి తింటుందని మనవాళ్లు అంటారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు కుక్కలు పెంచేవాళ్లను వందల మందిని అడిగి 2008లో ఒక పరిశీలన ప్రచురించారు. గడ్డి, ఆకు తిన్నాక తరచూ వాంతి చేసుకుంటుందని చెప్పింది నూటికి 22 మందే. తినే ముందు జబ్బుగా కనిపించిందన్నవాళ్లు ఇంకా తక్కువ. అంటే ఆకు కొరకడం కుక్కకు మామూలు అలవాటే, జబ్బు గుర్తు కాదు.

అన్నం సంగతీ అంతే. కుక్క తోడేలు జాతిదే అయినా, మనిషి పంచన చేరి వేల ఏళ్లు గడిచాక గింజల్లోని పిండి పదార్థం అరిగించుకునే శక్తి దానికి బాగా పెరిగిందని స్వీడన్ శాస్త్రవేత్తలు 2013లో జన్యువుల ఆధారంగా చూపించారు. కాబట్టి మన అన్నం, గంజి, చోడి అంబలి కుక్కకు సరిపడే తిండే. అయితే ఆకులోని పీచును ఆవు అరిగించుకున్నట్టు కుక్క అరిగించుకోలేదు. కొంచెం ఆకు విరేచనం సాఫీగా అవడానికి ఉపయోగపడుతుంది. ఎక్కువైతే కడుపు ఉబ్బరం, విరేచనాలు. ఆకు కుక్కకు ఆహారం కాదు, ఆహారంలో నంజుడు మాత్రమే.

అసలు ముప్పు ఉల్లి, వెల్లుల్లి

మన ఆకుకూరల్లో ఉల్లిపాయ ముక్కలు పడతాయి. పోపులో నాలుగు వెల్లుల్లి రేకలు పడితే గానీ రుచి రాదు. ఈ రెండిటిలోనూ గంధకంతో కూడిన పదార్థాలు ఉన్నాయి. మనకు ఇవి ఏమీ చెయ్యవు. కుక్క ఒంట్లో మాత్రం ఇవి ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. దెబ్బతిన్న కణాలు పగిలిపోతాయి. రక్తం పలచబడుతుంది.

ఎంత తింటే ముప్పు? ఒక్క పూటలో కుక్క బరువులో అర శాతానికి మించి ఉల్లి తింటే ప్రమాదం మొదలని పశువైద్య గ్రంథాలు చెబుతున్నాయి. ఊరి కుక్క 15 కిలోలు ఉందనుకోండి. అర శాతం అంటే 75 గ్రాములు. ఒక మోస్తరు ఉల్లిపాయ అంతే కదా! రోజూ కొంచెం కొంచెం తిన్నా నష్టం పేరుకుంటుంది. వెల్లుల్లి ఉల్లి కంటే ఘాటు, అది ఇంకా తక్కువ తిన్నా చాలు. వండితే విషం పోతుందనుకోకండి. ఉడికించినా, వేపినా, ఎండబెట్టి పొడి చేసినా పోదు. ఉల్లికాడలకూ ఇదే లెక్క.

"ఏటి బాబూ, ఇన్నాళ్లూ మనం తిన్నదే కుక్కా తింది, ఏటయింది?" అని మీరు అడగొచ్చు. అడగవలసిన మాటే. కుక్క చిప్పలో పడేది చాలాసార్లు రెండు ముద్దలే, అందులో ఉల్లి కొద్దిగానే ఉంటుంది. అందుకే చాలా కుక్కలు తట్టుకున్నాయి. పెళ్లిళ్లప్పుడు, సంబరాలప్పుడు మిగిలిన కూర గిన్నెడు పోస్తే ముప్పు ఎక్కువ. ఇంకో సంగతి. తిన్న రోజు కుక్క బాగానే ఉంటుంది. రెండు మూడు రోజులు పోయాక గానీ నీరసం బయటపడదు. ఈలోగా ఆ కూర మాట మనం మరిచిపోతాం. కుక్క మూల చేరితే ఎండ దెబ్బ అనో, దిష్టి అనో, పిడుదుల జ్వరం అనో అనుకుంటాం.

పాడైన ఉల్లిపాయలు పశువుల ముందు గుమ్మరించే అలవాటు ఉన్నవాళ్లు కూడా జాగ్రత్త పడాలి. ఉల్లి ఎక్కువ తింటే ఆవుకు, గేదెకు కూడా ఇదే రకం రక్తహీనత వస్తుంది.

చింతపండు సంగతి కొత్తది

తోటకూర పులుసైనా, బచ్చలి పులుసైనా చింతపండు లేకుండా మనకు ముద్ద దిగదు. చింతపండు పులుపుకు ముఖ్య కారణం టార్టారిక్ ఆమ్లం. చింతపండు తిన్న కుక్కలకు, ఇదే ఆమ్లం ఉన్న వంటల పొడి తిన్న కుక్కలకు మూత్రపిండాలు దెబ్బతిన్న సంగతిని అమెరికా పశువైద్యులు 2022లో ప్రచురించారు. ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కలకు విషమవుతాయన్నది అంతకుముందే తెలిసిన విషయం. దానికి కారణం కూడా ఈ ఆమ్లమే కావచ్చని వారు అంటున్నారు. కాబట్టి పులుసు కూర, చింతచిగురు పప్పు కుక్కకు వద్దు. తొక్కు తీసిన చింతపండు పిప్పి కుక్క తిరిగే చోట పారెయ్యకండి.

ఉప్పు, కారం, నూనె, ఆవపిండి కూడా కుక్క కడుపుకు పడవు. కారంతో కడుపులో మంట, వాంతులు. ఉప్పు ఎక్కువైతే ఆగని దాహం. నూనె తేలే వేపుడు ఒకేసారి ఎక్కువ తింటే క్లోమ గ్రంథి వాచి, కుక్క నడుం వంచి మూలుగుతుంది. ఆవ పెట్టిన కూర మనకు పండగ, దానికి మంట.

ఏ ఆకు పెట్టొచ్చు, ఏది కూడదు?

ఆకుకూరలను మూడు వాటాలుగా గుర్తుపెట్టుకోండి.

మొదటి వాటా, కొద్దిగా పెట్టదగినవి: మునగాకు, మెంతికూర, కొత్తిమీర, కరివేపాకు. ఆషాఢంలో మనం మునగాకు వండుకునేటప్పుడు గుప్పెడు ఉడికిన ఆకు దానికీ వేయొచ్చు. ముదురు ఈనెలు తీసెయ్యాలి.

రెండో వాటా, ఎప్పుడో ఒకసారి పెట్టేవి: తోటకూర, పాలకూర, బచ్చలి, పొన్నగంటి, పాయలకూర. వీటిలో ఆక్సాలిక్ ఆమ్లం ఉంటుంది. ఇది ఒంట్లో సున్నంతో కలిసి మూత్రంలో రాళ్లు కట్టడానికి దారితీస్తుంది. ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోస్తే చాలా వరకు పోతుంది. ముసలి కుక్కకు, మూత్రం పోయడానికి ముక్కే కుక్కకు, ఇదివరకు రాళ్లు ఉన్న కుక్కకు ఈ వాటా పూర్తిగా మానెయ్యాలి.

మూడో వాటా, పెట్టకూడనివి: చుక్కకూర, చింతచిగురు, ఉల్లికాడలు, చేమ ఆకు. పచ్చి చేమ ఆకులో సూదుల్లాంటి స్ఫటికాలు ఉంటాయి. కొరికితే నోరు, గొంతు వాచి చొంగ కారుస్తుంది. టమాటా, బంగాళాదుంప మొక్కల ఆకు కూడా విషమే. కంచెలోని గన్నేరు, ఉమ్మెత్త సంగతి చెప్పనే అక్కర్లేదు. ఏరి పారేసిన కలుపులో ఇవి ఉంటే కుక్కకు అందకుండా పాతిపెట్టండి.

మరి గోంగూర? మన రెండు జిల్లాలూ గోగు పంటకు పేరున్నవి. ఆమదాలవలస వ్యవసాయ పరిశోధన స్థానం గోగు రకాల మీద పనిచేస్తున్నదే. చేను ఉన్నచోట గోంగూర పచ్చడి జాడీ లేని ఇల్లు ఉండదు. ఆ పచ్చడి మాత్రం కుక్క దగ్గరకు రానివ్వొద్దు. అందులో నిల్వకు వేసిన ఉప్పు, కారం, నూనె, వెల్లుల్లి అన్నీ ఒక్కచోటే ఉన్నాయి. వీటిలో ఒక్కటీ కుక్కకు మేలు చేసేది కాదు.

మందు కొట్టిన గట్టు

పొలంలో ఉండే కుక్కకు కూర కంటే పెద్ద ముప్పు ఇంకొకటుంది. మడిలో పురుగు మందు కొడితే తుంపర గట్టు మీద పొన్నగంటి మీదా పడుతుంది. గుళికలు చల్లిన మడి నీరు పాయలకూరను తడుపుతుంది. ఆ ఆకు కోసుకొచ్చి వండితే మనకూ ముప్పే, కడగకుండా వేస్తే కుక్కకూ ముప్పే. మందు కొట్టిన చేలో గట్టు మీద ఆకు కొయ్యకండి. పెరటి కూరకు మందు కొట్టవలసి వస్తే డబ్బా మీద రాసిన రోజులు గడిచాకే కొయ్యండి. ఖాళీ డబ్బాలో, మందు కలిపిన బకెట్లో కుక్కకు నీళ్లు పెట్టకండి.

మందు ఒంట్లోకి వెళ్తే గుర్తులు త్వరగానే తెలుస్తాయి. చొంగ ఆగకుండా కారడం, కంటిపాప చిన్నదైపోవడం, కండరాలు అదరడం, వాంతి, విరేచనం, తూలడం. ఇది క్షణాల మీద ఆస్పత్రికి పోవలసిన పని. డబ్బా వెంట తీసుకెళ్లండి. ఏ మందో తెలిస్తేనే డాక్టరు విరుగుడు ఇవ్వగలరు.

వండే పద్ధతి

దీనికి వేరే పొయ్యి, వేరే ఖర్చు అక్కర్లేదు.

ఆకు మూడు నీళ్లలో కడగండి. సన్నగా తరగండి. ఉప్పు వేయకుండా ఎక్కువ నీళ్లలో మెత్తగా ఉడికించి, నీళ్లు వంచేయండి. ఇంటి కూరకు ఉల్లి, చింతపండు, ఉప్పు, కారం వేయక ముందే కుక్క వాటా గరిటెతో పక్కకు తీసేయండి. చల్లారాక అన్నంలో గానీ, చోడి గంజిలో గానీ మెదిపి కలపండి. వీలైన రోజు ఉడికిన గుడ్డు, ముల్లు తీసిన చేప కలిపితే మరీ మంచిది. పహరా కాసే కుక్కకు కండ పట్టేది వాటితోనే, ఆకుతో కాదు.

15 కిలోల కుక్కకు ఉడికిన ఆకు రెండు చెంచాలు, వారానికి రెండు మూడు సార్లు చాలు. కూనలకు అర చెంచా మించకూడదు. ఏ ఆకైనా మొదటిసారి కొద్దిగా పెట్టి, మర్నాడు విరేచనం చూసి తర్వాత పెంచండి. మిగిలిన కూర పారెయ్యడం మనసొప్పకపోతే పెంటకుప్పలో వేసి మట్టి కప్పండి. ఎరువైనా అవుతుంది.

ఏం చూడాలి, ఏం చెయ్యాలి?

కుక్క పై పెదవి ఎత్తి చిగురు చూడండి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు గులాబీ రంగులో ఉంటుంది. కొన్ని కుక్కలకు చిగురు నల్లగా ఉంటుంది, వాటికి కంటి రెప్ప లోపలి భాగం చూడాలి. ఇవాళే ఒకసారి చూసి రంగు గుర్తుపెట్టుకోండి. అది తెల్లబడినా, పచ్చబడినా, మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చినా, కూర్చున్న చోటే ఆయాసపడుతున్నా, తిండి మానేసినా ఆలస్యం చెయ్యొద్దు. మూత్రం బాగా తగ్గిపోయి, వాంతులు అవుతుంటే మూత్రపిండాల మీద దెబ్బ అనుకోవాలి.

కక్కించాలని ఉప్పు నీళ్లు పట్టకండి. ఆ ఉప్పే ప్రాణం తీయొచ్చు. పాలు, నూనె, మజ్జిగ విరుగుడు కావు. సొమ్మసిల్లిన కుక్క నోట్లో ఏదీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పిడుదుల జ్వరంలో కూడా చిగురు తెల్లబడుతుంది, మూత్రం రంగు మారుతుంది. అందుకే గడిచిన వారం రోజుల్లో ఏం తిన్నదో, ఎంత తిన్నదో, ఎప్పుడు తిన్నదో డాక్టరుకు చెప్పండి. ఉల్లి తిన్నదన్న ఒక్క మాటతో వైద్యం దారి మారుతుంది.

ముందు దగ్గరలోని ప్రభుత్వ పశువైద్యశాలకు తీసుకెళ్లండి. పెద్ద వైద్యం కావాలంటే విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. పొందూరు నుంచి విజయనగరం పోయే రైలు దారిలోనే గరివిడి స్టేషను వస్తుంది. రాష్ట్రంలో 2022లో 1962 నంబరుతో సంచార పశువైద్య వాహనాలు మొదలయ్యాయి. ఆపద రాకముందే మీ పశువైద్యశాలలో ఆ వాహనం వివరం, డాక్టరు ఫోను నంబరు అడిగి గోడ మీద రాసి ఉంచుకోండి.

చివరిగా ఒక మాట. ఇంట్లో అన్నం పెట్టేది ఎక్కువగా ఆడవాళ్లు, చిప్పలో వేసేది పిల్లలు. ఈ సంగతి మీరొక్కరే చదివి ఊరుకుంటే లాభం లేదు. ఇవాళ పొయ్యి మీద కూర ఉడుకుతుండగానే ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. పోపు ఇంకా పడలేదు కదా, కుక్క వాటా ఇప్పుడే పక్కకు తీయించండి.