రిమోట్ మొరాయిస్తే: కేజీఎఫ్ దుమ్ము, సెల్లు చిలుము

టీవీ రిమోట్‌లోని రబ్బరు బటన్ అడుగున నల్లని కార్బన్ బిళ్ళ ఉంటుంది. బటన్ నొక్కగానే అది సర్క్యూట్ బోర్డు మీద పక్కపక్కనే ఉన్న రెండు గీతలను తాకి కలుపుతుంది. ఏ జత కలిసిందో చిప్ పసిగట్టి, ఆ బటన్ సంకేతాన్ని ముందున్న ఎల్ఈడీకి పంపుతుంది. ఎల్ఈడీ నుంచి దాదాపు 940 నానోమీటర్ల పరారుణ కాంతి వెలువడుతుంది. ఆ కాంతి చాలా రిమోట్లలో సెకనుకు 38 వేల సార్ల చొప్పున మినుకుమంటుంది. ఎండలోంచి, ట్యూబ్‌లైట్ వెలుగులోంచి టీవీ దాన్ని వేరుపరిచేది ఈ లెక్కతోనే. ఈ వరసలో చిప్ చెడిపోవడం అరుదు. చిక్కంతా ఒకటి మరొకదాన్ని తాకే చోట్లలో వస్తుంది: సెల్లు స్ప్రింగ్‌ను తాకే చోట, కార్బన్ బిళ్ళ గీతలను తాకే చోట.

కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ (కేజీఎఫ్)లో ఈ రెండో చోటికి అదనపు బెడద ఉంది. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ చేపట్టిన తవ్వకం చేతులు మారుతూ, 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడేదాకా సాగింది. రాయిని పిండి చేసి, సైనైడ్‌తో బంగారం తీసుకోగా మిగిలిన పొడి 3 కోట్ల టన్నులకు పైగా గుట్టలుగా నిలిచిపోయింది. ఊళ్ళో వాటిని సైనైడ్ దిబ్బలంటారు. గాలి గట్టిగా వీస్తే ఆ పొడి ఇళ్ళలోకీ వస్తుంది. అది రాతిపిండి కాబట్టి దానిలోంచి విద్యుత్తు పారదు. ఒట్టి పొడే అయితే దులిపితే రాలిపోయేది. కానీ సిలికాన్ రబ్బరు ఏళ్ళ తరబడి సన్నగా నూనె వదులుతుంది, దానికి చేతి చెమట తోడవుతుంది. ఆ జిడ్డులో దుమ్ము అంటుకుపోయి బిళ్ళకూ గీతకూ మధ్య పొరలా పేరుకుంటుంది.

విప్పేముందు లోపం ఎక్కడో తేల్చుకోవాలి. సెల్‌ఫోన్ కెమెరా, ముఖ్యంగా ముందువైపుది, పరారుణ కాంతిని చాలావరకు పట్టుకుంటుంది. రిమోట్‌ను దాని ఎదుట పెట్టి నొక్కితే ఎల్ఈడీ వెలగడం తెరమీద కనిపిస్తుంది. అన్ని బటన్లకూ వెలిగితే అనుమానించాల్సింది టీవీ వైపు గ్రాహకాన్ని. కొన్నింటికే వెలిగితే జిడ్డు, దేనికీ వెలగకపోతే ముందు సెల్లు. ఏదీ నొక్కకుండానే వెలుగుతుంటే ఏదో బటన్ ఇరుక్కుంది, కొత్త సెల్లు త్వరత్వరగా అయిపోవడానికి కారణం అదే. బ్లూటూత్‌తో నడిచే స్మార్ట్ టీవీ రిమోట్లకు ఈ పరీక్ష పనికిరాదు.

కొత్త సెల్ మల్టీమీటర్‌లో 1.5 వోల్టులు చూపుతుంది. 1.2 కంటే తగ్గితే రెండింటినీ కలిపే మార్చాలి. కారిన సెల్లయితే రకం చూడాలి. మామూలు జింక్ సెల్ ద్రవం ఆమ్లగుణం కలది, దానికి వంటసోడా నీళ్ళు విరుగుడు. ఆల్కలైన్ సెల్‌లోది క్షారం, దానికి వెనిగర్ గానీ నిమ్మరసం గానీ. దూది పుల్లతో చుక్క అద్ది తుడిస్తే చాలు. మిగిలిన చిలుమును సన్నని గరుకు కాగితంతో రుద్దవచ్చు.

పెట్టె తెరవడమే అసలు పరీక్ష. స్క్రూ ఉంటే సాధారణంగా సెల్లు పెట్టే గూటిలోనే ఉంటుంది. తక్కినదంతా ప్లాస్టిక్ కొక్కేలు. స్క్రూడ్రైవర్ దూరిస్తే అంచులు విరుగుతాయి, పాత ఏటీఎం కార్డు మేలు. రబ్బరు షీటును సబ్బునీళ్ళతో కడిగి నీడలో పూర్తిగా ఆరనివ్వాలి. బోర్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తని గుడ్డతో తుడవాలి. మందుల షాపు సర్జికల్ స్పిరిట్ కొన్ని రకాలలో ఆముదం కలుస్తుంది, అది మళ్ళీ జిడ్డే. థిన్నర్ ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. గీతల మీది నల్లపూతను మురికి అనుకుని బ్లేడుతో గీకితే బోర్డు పాడైనట్టే, ఆ నలుపు కూడా కార్బనే.

శుభ్రం చేసినా పలకని బటన్లు తరచూ పవర్, వాల్యూమ్, ఛానెల్. ఎక్కువగా నొక్కేది వాటినే కనుక బిళ్ళ అరిగిపోతుంది. పెన్సిల్ గ్రాఫైట్ రుద్దితే కొన్నాళ్ళు నడుస్తుంది. అల్యూమినియం రేకు అంటించడం చాలామంది చేసే చిట్కాయే గానీ రేకు మీద ఏర్పడే ఆక్సైడ్ పొర విద్యుత్తును అడ్డుకుంటుంది. విద్యుత్తు పారే కార్బన్ పెయింటు వీటికంటే నమ్మదగినది.

కిందపడ్డ రిమోట్‌లో మొదట చూడాల్సింది స్ప్రింగ్, ఎల్ఈడీ కాళ్ళు బోర్డును తాకే చోట టంకం. అక్కడ సన్నని బీట కనిపిస్తే సోల్డరింగ్ ఐరన్ తగిలించి టంకం మళ్ళీ కరిగిస్తే సరిపోతుంది. చిప్ పోతే ఇంట్లో చేసేదేమీ లేదు. అదే మోడల్ నంబరుతో కొత్త రిమోట్ గానీ, ఆ టీవీ కోడ్ తెలిసిన యూనివర్సల్ రిమోట్ గానీ కొనుక్కోవాలి.