ఇంగ్లీషువారి ‘బ్లాక్’, మన నల్లరేగడి

పరీక్ష పత్రాలు దిద్దుతూ ఉండగా, ఒక విద్యార్థి ‘బ్లాక్ బాడీ’ అనే మాటను ‘నల్లని శరీరం’ అని తెనిగించటం చూశాను. నవ్వు వచ్చిన మాట నిజమే గాని, తప్పు పూర్తిగా ఆ కుర్రవానిది కాదు. ఇంగ్లీషులో ‘బ్లాక్’ అనే మాట కంటికి కనిపించే నలుపును దాటి చాలా దూరం పోయింది.

దాని మూలార్థం ‘కాలినది’ అని భాషావేత్తలంటారు. బొగ్గును, మసిని తలచుకుంటే ఇది సహజమే. తేయాకులో ఒక రకాన్ని ఇంగ్లీషువారు ‘బ్లాక్ టీ’ అంటే, చీనావారు దానినే ‘ఎర్ర తేనీరు’ అంటారు. వారు ఆకును చూశారు, వీరు కాచిన రసాన్ని చూశారు. సినిమా హాలు దగ్గర ‘బ్లాకు’ టిక్కెట్టు సంగతి వేరే చెప్పనక్కరలేదు.

భౌతికశాస్త్రంలో తనపై పడిన వికిరణాన్నంతా పీల్చుకొనే ఆదర్శ వస్తువుకు 1860లో కిర్కాఫ్ ఈ పేరు పెట్టాడు. మనం ‘కృష్ణ వస్తువు’ అంటున్నాము. బాగా పీల్చుకొనే వస్తువే వేడెక్కినప్పుడు బాగా వెలువరిస్తుంది. కనుక ఉపరితలం సుమారు 5,500 డిగ్రీల సెంటిగ్రేడు వేడితో వెలిగే సూర్యుడు దాదాపు కృష్ణ వస్తువే!

ఇక ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు పత్తి చేల సంగతి. ఇక్కడి నల్లరేగడిని ఇంగ్లీషులో ‘బ్లాక్ కాటన్ సాయిల్’ అంటారు. ‘రీగర్’ అనే మరో పేరును నిఘంటువులు మన ‘రేగడి’తోనే ముడిపెడతాయి. రష్యా, ఉక్రెయిన్ మైదానాల నేలనూ ఇంగ్లీషులో ‘బ్లాక్’ అనే అంటారు. చిక్కంతా ఇక్కడే ఉన్నది. ఆ నేల నలుపు సమృద్ధిగా ఉన్న సేంద్రియ పదార్థం వల్ల వచ్చింది. మన రేగడిలో సేంద్రియ కర్బనం సాధారణంగా నూటికి ఒక పాలు కూడా ఉండదు. ఉన్న ఆ కొంచెమే బంకమట్టి రేణువులను గట్టిగా అంటుకొని మట్టిని నల్లబరుస్తుంది. ‘నల్లనేల, దీనికి ఎరువెందుకు?’ అనుకొన్న రైతు నష్టపోతాడు. ఈ నేలకు నత్రజని తక్కువ.

రేగడి అంతా దక్కను లావా నుండే పుట్టిందని చదివి అప్పగించే విద్యార్థులు ఒకసారి ఆదోని కొండలవైపు చూడాలి. అవి గ్రానైటు కొండలు. ఇటువంటి రాళ్లు శిథిలమైన పల్లపు చోట్ల, సున్నపు పాలు నిలిచి, నీరు సరిగా పారనప్పుడు కూడా రేగడి ఏర్పడుతుంది.

దాని అసలు బలం రంగులో లేదు, మాంట్‌మోరిల్లొనైట్ అనే బంకమట్టి ఖనిజంలో ఉన్నది. అది నీటిని తాగి ఉబ్బుతుంది, ఆ తేమను చాలాకాలం దాచుతుంది. వానలు వెనుకబట్టిన తరువాత కూడా పత్తి, జొన్న నిలిచేది అందుకే. ఎండాకాలంలో అదే మట్టి కుంచించుకొని నెర్రెలు విచ్చుతుంది. పైపైన పునాది వేసిన ఇంటి గోడలు పగిలేదీ దీనివల్లనే. అందుచేత ఇక్కడ ఇల్లు కట్టేవారు రేగడి పొర దాటి, క్రింది గట్టినేల తగిలేదాకా తవ్వించుకోవటం మేలు.